పసుపు గుడ్డ ఆరని రోజు

పొగమెట్ట, నాలుగో పేట కబురు పుస్తకం. రాసేది: విశాలాక్షి.

పొగమంచు కాలం, 41వ రోజు

తెల్లారి నీళ్ళ వరసలో నిలబడ్డవాళ్ళకు నేను చెప్పిన కబుర్లు మూడు. ఉప్పు పడవ రావడానికి ఇంకో మూడు రోజులు పడుతుంది: పసుపు. నిన్న పొద్దున పసుపు గుడ్డతో చెప్పిందే, మళ్ళీ అడిగారు కనుక ఇవాళ గుడ్డ కప్పుకోకుండానే మళ్ళీ చెప్పాను. రెండో పేటలో తప్పిపోయిన మేక దొరికింది: తెలుపు. దొరకడమేమిటి, మా ఆనపపాదు సగం మేశాక నేనే చెవి పట్టుకుని అప్పగించి వచ్చాను.

మూడోది ముఖ్యమైనది. పేటలో నలుగురు పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. పైన శిఖరం మీద మంచు వలలు చూసే అసిరమ్మ, ఆ వలలకు ఒళ్ళు పొక్కించే జీడినూనె రాస్తోందని పైపులు బాగుచేసే దాలినాయుడు చెప్పాడు. వలల పక్కన నూనె డబ్బా చూశాడట. ఆమె చేతులు నల్లగా పొక్కిపోయి ఉన్నాయట. మేం తాగేది ఆ వలలకు పట్టిన మంచు నీళ్ళే. కబురు ఆలస్యం చేయడం మంచిది కాదనుకున్నాను.

కళ్ళారా చూసింది తెల్ల గుడ్డ కప్పుకుని చెప్పాలి. చూసినవాళ్ళ నోట విన్నది పసుపు గుడ్డతో, గాలికి వచ్చింది ఎర్ర గుడ్డతో. ఏ కబురు ఏ గుడ్డతో చెప్పామో ఈ పుస్తకంలో రాయాలి. ఈ నియమాలు పెట్టిన ఐదుగురిలో నేనొకదాన్ని, ఆ సంగతి గుర్తుచేయడం నాకు కొంచెం ఇష్టం కూడాను. టీవీల, ఫోన్ల తెరలున్న కాలంలో ఎవరి మొహం తగిలించుకుని ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. చచ్చిపోయిన మా అమ్మ తెర మీదికొచ్చి, కొండ దిగి సముద్రం వైపు వెళ్ళిపొమ్మంది. ఆ మాట విని దిగి, తిరిగి రానివాళ్ళలో మా తమ్ముడొకడు. ఇప్పుడా తెర మీద నేను వడియాలు ఎండబెట్టుకుంటున్నాను.

నిన్న ఉతికిన పసుపు గుడ్డ ఈ చెమ్మకి ఆరలేదు. తడి గుడ్డ భుజాన వేసుకుంటే నాకు దగ్గొస్తుంది. దాలినాయుడు అబద్ధమాడే మనిషి కాదు. అతను చూస్తే నేను చూసినట్టే. మూడో కబురు: తెలుపు.

42వ రోజు

కబురు ఎంత బాగా నడిచిందో చెప్పాలి. మధ్యాహ్నం ఒకటో పేటలో పప్పు విసిరించుకోవడానికి వెళ్ళాను. తిరగలి దగ్గర ఉన్న ముసలామె నాకే చెప్పింది: "అసిరమ్మ వలలకి ఇసం పూస్తందటమ్మా. పంతులమ్మగోరు సొయంగా సూసినారట." ఆ పంతులమ్మ నేనేనని ఆమెకు తెలియదు.

కాలేజీలో ఇరవై రెండేళ్ళు చెప్పిన పాఠం ఇది. వార్త జనం మీద నేరుగా వచ్చి పడదు. ముందు కొంతమంది పెద్దమనుషుల దగ్గర ఆగుతుంది, వాళ్ళ నోటి మీదుగా మిగతావాళ్ళకు చేరుతుంది. రెండంచెల ప్రసారం అనేవాళ్ళం. వార్త ఎంత నిజమన్నది కాదు, ఎవరి నోట విన్నామన్నదే జనానికి ముఖ్యం. మా పొగమెట్ట పద్ధతి అంతా ఆ సిద్ధాంతం మీదే కట్టాం. రెండో అంచెలో నిలబడే మనిషి మంచిదైతే చాలనుకున్నాం.

ఆ మనిషి నేనే కనుక బాగానే అనిపించింది. పేటలో సగం మంది వలల నీళ్ళు మానేసి పాత రాతి క్వారీ గుంటలో నీళ్ళు తెచ్చుకుంటున్నారు. ఇసం అనే మాట నేను అనలేదు. రేపు సరిదిద్దాలి.

44వ రోజు

సరిదిద్దలేదు. అన్నంలో ఉప్పెక్కువైతే కొంచెం నీళ్ళు పోసి సర్దుకోవచ్చు, ఇదెలా సర్దాలో తెలియలేదు.

వాంతులు పదిహేను మందికి పాకాయి. నీళ్ళ వరసలో ఇప్పుడు ఒకటే మాట. ఉప్పు పడవ సంగతి ఎవరూ అడగడం లేదు. పాఠాల్లో ఇదీ ఉంది. చెప్పేవాడు మన చేత తనలాగే ఆలోచింపజేయలేకపోవచ్చు, కానీ దేని గురించి ఆలోచించాలో మాత్రం తేల్చేస్తాడు. నేను జీడినూనె అన్నాను. ఊరంతా జీడినూనె గురించే ఆలోచిస్తోంది. పిల్లలు అంతకుముందు వారం ఎక్కడెక్కడ తిరిగారని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం అసిరమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతులు కొంగులో దాచుకుంది.

"పంతులమ్మా, నువ్వు పైకి ఎప్పుడొచ్చినావు? నాకు అవుపడనేదు."

నేను కూరగాయలు తరుగుతున్నాను. కత్తిపీట మీంచి చూపు ఎత్తలేదు.

"మరి నువ్వు సూసినానన్నావంట. తెల్లగుడ్డ ఏసుకుని. నాను లేనప్పుడు వొచ్చినావేటి? నాను లేకుండా నా వలలెప్పుడూ లేవే. తొంగున్నా ఆటి కిందే తొంగుంతాను."

"పెద్దలు విచారణ పెడతారుగా. అక్కడ చెబుతాలే" అన్నాను.

ఆమె వెళ్ళిపోయింది. బెండకాయలు తరగడం అయిపోయింది, అయినా పీట మీంచి లేవలేకపోయాను. సిగ్గేసింది. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని, ఒక సూటి ప్రశ్నకు కూరగాయల చాటున దాక్కున్నాను.

45వ రోజు

మా పేట నుంచి వలల దాకా మూడు వందల పన్నెండు మెట్లు. మోకాళ్ళ నొప్పని నేను ఐదేళ్ళుగా ఎక్కలేదు. ఇవాళ ఎక్కాను. నాలుగు చోట్ల కూలబడ్డాను.

మంచు ఇంకా విడవలేదు. అసిరమ్మ నన్ను చూసి కూడా తన పని తాను చేసుకుపోయింది. ఆ పని చూస్తూ నిలబడ్డాను. ప్రతి వల దగ్గరా ఆగుతుంది, ఒక పోగు చేత్తో పట్టుకుని నాలుకకు తాకిస్తుంది. ఇరవై ఆరు వలలు, ఇరవై ఆరు సార్లు.

"అదేమిటి అసిరమ్మా?"

"ఉప్పు సూత్తన్నాను. సముద్రం మీంచి గాలొచ్చిన్నాడు మంచుకి ఉప్పు తగులుతాది. ఉప్పుంతే ఆ వల నీళ్ళు తొట్లోకి ఒగ్గను. మా యమ్మ నేర్పింది."

"మరి జీడినూనె?"

వలలు కట్టిన గుంజలు చూపించింది. భూమిలో దిగిన అడుగు భాగానికి, మోకాలెత్తు వరకు, చెద పట్టకుండా నల్లగా పూత. వల మొదలయ్యేది మనిషెత్తు పైన. డబ్బా గుంజ పక్కనే ఉంది, దాలినాయుడు చెప్పినట్టే. అతను చెప్పినవి రెండే: డబ్బా, చేతులు. ఆ రెండూ నిజమే. ఆ రెండింటినీ వలలకు ముడిపెట్టింది ఎవరు, అతనా నేనా అని మెట్లు దిగుతూ ఆలోచించాను. అతను రాస్తోందన్నాడా, రాస్తోందేమో అన్నాడా? గుర్తు లేదు. నాకు నచ్చినట్టు విన్నాను.

ఒక్క చుక్క జీడినూనె తగిలితే నాలుక పొక్కిపోతుంది. రోజూ నాలుక పెట్టే వలలకు ఎవరైనా ఆ నూనె రాస్తారా? ఈ మాట తట్టడానికి సిద్ధాంతాలు అక్కర్లేదు. మెట్లు ఎక్కితే చాలు.

46వ రోజు

నల్ల గుడ్డ ట్రంకుపెట్టె అడుగున ఉంది. చెప్పింది తప్పని వెనక్కి తీసుకునేటప్పుడు కప్పుకోవాల్సిన గుడ్డ అది. పన్నెండేళ్ళలో నేను దాన్ని వాడలేదు. మిగతా పేటల కబురు వాళ్ళందరూ ఒకటికి రెండుసార్లు వాడారు. నాది మడత చెదరలేదని పదిమందిలో చూపించుకున్న సందర్భాలున్నాయి.

బయటికి తీశాను. మళ్ళీ పెట్టేశాను. తెలుపు తప్పుగా కప్పుకున్నవాళ్ళ భుజం మీంచి గుడ్డలన్నీ తీసేస్తారు. ఆ నియమం నేనే రాశాను.

47వ రోజు

ఇవాళా చెప్పలేదు.

వరసలో ఇద్దరు ముగ్గురి మొహాలు చూశాను. వాళ్ళకు అసిరమ్మ సంగతి తెలుసు. చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్ళు. నోరు విప్పబోయి, చుట్టూ చూసి, బిందె సర్దుకుని ఊరుకున్నారు. అందరూ ఒకటే అంటున్నట్టు అనిపిస్తే వేరేగా అనేవాడు నోరు మూసుకుంటాడు. వాడు మూసుకున్న కొద్దీ అందరూ ఒకటే అంటున్నట్టు మరింత అనిపిస్తుంది. మౌన వలయం. ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలతో అనేదాన్ని: "మొదట నోరు విప్పేవాళ్ళ మీద ఆధారపడి ఉంటుందర్రా అంతా."

ఇంకో పాఠం కూడా ఉంది, అది చెప్పేటప్పుడు క్లాసంతా నవ్వేవాళ్ళం. ఏ మనిషిని అడిగినా, అబద్ధం విని మోసపోయేది పక్కవాడేనంటాడు, తాను కాదంటాడు. చదువుకున్నవాళ్ళలో ఈ జబ్బు ఇంకా ఎక్కువ. మూడో మనిషి ప్రభావం అని పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. రెండు వందల మంది పేపర్లు దిద్దాను. ఒక్క పేపరు దిద్దేటప్పుడైనా ఆ మూడో మనిషి నేనేనేమో అనుకోలేదు.

ఈ ఆరు రోజులూ ఈ పుస్తకంలో పాఠాలు రాసుకుంటూ కూర్చున్నాను. జనం ఎందుకు నమ్ముతారు, జనం ఎందుకు ఊరుకుంటారు. అంతా జనం గురించే. ఒక గుడ్డ తడిగా ఉందని ఇంకో గుడ్డ కప్పుకున్న మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు. సిగ్గులేకపోతే సరి.

49వ రోజు

మంచు విడిచేలోగా ఎవరో పైకి వెళ్ళి తొమ్మిది వలలు కోసేశారు. అసిరమ్మ అడ్డం పడితే తోసేశారట. మోచెయ్యి చీరుకుపోయింది. ఎవరు కోశారో చూసినవాళ్ళు చెప్పరు. రేపు విచారణ. తప్పు తేలితే అసిరమ్మను కింద ఉప్పుమళ్ళకు పంపేస్తారు. అక్కడికి పంపినవాళ్ళు, పేటవాళ్ళు మళ్ళీ చేతులెత్తి ఒప్పుకుంటేనే పైకి రావాలి.

నల్ల గుడ్డ బయటికి తీసి దండెం మీద వేశాను. చెమ్మ వాసన వదలాలి కదా.

50వ రోజు

విచారణకు నూట నలభై ఇళ్ళ నుంచీ వచ్చారు. పేట పెద్ద తవిటయ్య నా పేరు పిలవగానే నల్ల గుడ్డ కప్పుకుని లేచాను. అందరూ ఒక్కసారి గుసగుసలాడారు.

అంతా చెప్పాను. నేను చూడలేదన్నాను. దాలినాయుడు చెబితే విన్నానన్నాను. పసుపు గుడ్డ తడిగా ఉంటే తెల్లది కప్పుకున్నానన్నాను. తర్వాత పైకెక్కి చూశాననీ, వలలకు నూనె లేదనీ, ఆమె రోజూ వాటికి నాలుక పెట్టి ఉప్పు చూస్తుందనీ చెప్పాను. క్వారీ గుంట నీళ్ళు మానండని బతిమాలాను. పిల్లలు మొదట వాంతులు చేసుకున్నది ఆ గుంటలో ఈతకొట్టాకేనని ఆ నలుగురి ఇళ్ళకూ వెళ్ళి కనుక్కున్నానని చెప్పాను.

దాలినాయుడు తల వంచుకుని, "నాను డబ్బా సూసినాను, అంతే" అన్నాడు. వెనక వరసలకు వినపడి ఉండదు.

చిన్నమ్మడు లేచింది. మా పక్క వీధి మనిషి. ఆమె కూతురు ఐదు రోజులుగా మంచం మీద ఉంది.

"తెల్లగుడ్డ ఏసుకుని సూసినానన్నారు, నమ్మినాం. ఇప్పుడు నల్లగుడ్డ ఏసుకుని సూల్లేదంటన్నారు. ఏ గుడ్డకి ఏటి అర్తమో మీకే తెల్దు, మాకేటి తెలుస్తాది?"

మళ్ళీ మొదటినుంచి చెప్పబోయాను.

వెనకనుంచి ఎవరో జాలిగా అన్నారు: "పంతులమ్మ మనసు మెత్తనమ్మా. అసిరమ్మ ఎల్లి కాళ్ళట్టుకుని ఏడ్సుంతాది. ఆయమ్మని ఒగ్గేయలేక ఇలాగ సెప్తంది."

ఆ మాట మొదటి వరస దాకా పాకింది. నేను చూస్తుండగానే మొహాలన్నీ మెత్తబడ్డాయి, నా మీద. "పోనీలెండి పంతులమ్మా, కూకోండి" అన్నారు. నా అబద్ధాన్ని నమ్మించిన పేరే నా నిజాన్ని కొట్టేసింది. పన్నెండేళ్ళు మడత చెదరకుండా దాచుకున్న పేరు.

తవిటయ్య, అసిరమ్మను పంపేయాలనేవాళ్ళను చేతులెత్తమన్నాడు. అసిరమ్మను ఎరిగిన ఇద్దరు ముగ్గురి వైపు చూశాను. ఒకరి చెయ్యి మొదట ఎత్తకుండానే ఉంది. పక్కవాళ్ళను చూసి నెమ్మదిగా లేచింది. ఎత్తకుండా మిగిలినవి నాదీ, దాలినాయుడిదీ.

నా గుడ్డలు నాలుగూ తవిటయ్యకు అప్పగించాను. ఈ పుస్తకం కూడా తీసుకోమన్నాను. "ఉంచండమ్మా, మీరు ఏదో ఒకటి రాసుకుంటుంటారు కదా" అన్నాడు.

51వ రోజు

ఉప్పుమళ్ళకు మనుషుల్ని తాళ్ళతో దింపే బుట్ట గురువారం గురువారం కదులుతుంది. అసిరమ్మ ఒక చాప, ఒక గిన్నె, జీడినూనె డబ్బా తెచ్చుకుంది. డబ్బా ఎందుకని కాపలావాడు అడిగితే, కింద గుంజలకీ చెద పడుతుందంది.

నేను వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి జరిగింది.

"ఒగ్గీ పంతులమ్మా. నాకొక్కటే సెప్పు. పది దినాలయ్యి ఆలోసిస్తన్నాను. నీకు నానేటి సేసినాను? నీ బిందెకి నీళ్ళు తక్కువొగ్గినానా? ఎప్పుడేనా మాట తూలినానా? నీకు నా మీద కోపమేటి?"

"కోపమేమీ లేదు అసిరమ్మా. నిన్న అక్కడ చెప్పింది నిజం. ఆ రోజు పసుపు గుడ్డ ఆరలేదు."

"అది నన్ను తప్పించడానికి సెప్పినావనుకున్నాను."

"కాదు. నిజంగానే ఆరలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. నా మొహంలో ఇంకేదో ఉంటుందని, ఒక పాత పగో, ఎవరో ఇచ్చిన లంచమో ఉంటుందని వెతికింది. దొరకలేదు.

"అంతేనా?" అంది.

తలూపాను.

"తడిగుడ్డకేనా పంతులమ్మా? అంతేనా?"

తిట్టి ఉంటే బాగుండేది. బుట్ట ఎక్కి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కొండ వైపు చూడకుండా కూర్చుంది. బుట్ట మంచులోకి దిగిపోయేవరకూ అక్కడే ఉన్నాను. ఆమెకు ఏదైనా పెద్ద కారణం చెప్పగలిగి ఉంటే బాగుండేదనిపించింది, అబద్ధమైనా సరే. అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

58వ రోజు

వలల పని నేనే అడిగి తీసుకున్నాను. చేసేవాళ్ళు ఎవరూ లేకపోవడంతో ఒప్పుకున్నారు. రోజూ మూడు వందల పన్నెండు మెట్లు. మొదటి రోజు పైకెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. కోసేసిన తొమ్మిదింటిలో ఐదు మళ్ళీ కట్టాను. నా ముడులు చూస్తే అసిరమ్మ నవ్వుతుంది. గుంజలకు కొత్త డబ్బా తెప్పించి నూనె రాస్తున్నాను. చేతులు నల్లబడి పొక్కాయి, అన్నం కలుపుకోవడం కష్టంగా ఉంది, చెంచాతో తింటున్నాను.

పంతులమ్మ చూస్తోంది కనుక భయం లేదని పేటంతా మళ్ళీ వలల నీళ్ళకు వచ్చారు. అవే వలలు, అవే గుంజలు, అదే నూనె. క్వారీ గుంట వైపు ఎవరూ పోవడం లేదు. పిల్లలకు వాంతులు తగ్గాయి. నీళ్ళ వరసలో అనుకుంటున్నారు: "సూసినారా, అసిరమ్మ ఎల్లిపోనాది, జబ్బులూ ఎల్లిపోనాయి."

అది తప్పని ప్రతి ఒక్కరితో చెప్పాను. నవ్వి, "మీది మంచి మనసు" అంటున్నారు.

62వ రోజు

నీళ్ళ వరసలో నా ముందు చిన్నమ్మడు నిలబడింది. నేను బిందె ఎత్తుకుంటుంటే నా చేతులు చూసింది. తన బిందెను కొంచెం అవతలికి జరిపింది.

ఇన్ని రోజుల్లో నన్ను అనుమానంగా చూసిన మొదటి మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే.

"జీడినూనే, చిన్నమ్మడూ. నిజమే. వలలకు రాస్తున్నానో గుంజలకు రాస్తున్నానో నా మాట నమ్మకు. నా దగ్గర గుడ్డ కూడా లేదు. రేపు నువ్వే వచ్చి చూడు."

"నాకు బోలెడు పనుంది" అంది.

63వ రోజు

వచ్చింది. రెండు వందల మెట్ల దగ్గర నన్ను దాటేసి, పైన కూర్చుని నాకోసం కాచుకుంది.

గుంజలు వంగి చూసింది. నల్ల పూత ఎంతవరకు ఉందో జానతో కొలిచింది. డబ్బా మూత తీసి వాసన చూసింది. నా పని నేను చేసుకున్నాను. ఒక్కో వల దగ్గర ఆగి, పోగు పట్టుకుని నాలుకకు తాకించాను. నాలుగో వల దగ్గర ఆమె నా పక్కకు వచ్చింది. నన్ను ఆగమని, నేను పట్టుకున్న పోగు కాకుండా వేరేది ఎంచుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని నాలుక పెట్టింది.

చాలాసేపు అలాగే ఉంది. పొక్కుతుందేమోనని చూస్తోందనుకుంటాను.

"సప్పగుంది" అంది.

"ఊఁ."

ఐదో వలకీ, ఆరో వలకీ నాలుక పెట్టింది. "ఇదీ సప్పగే ఉంది" అంది. తర్వాత రాతి మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాను సెయ్యెత్తినాను కదమ్మా" అంది.

ఆ మొహం నేను ఇరవై రోజులుగా అద్దంలో చూస్తున్నదే. ఓదార్చే హక్కు నాకు లేదు కనుక పక్కన కూర్చున్నాను. మంచు కొంచెం విడిచింది. కింద తెల్లగా ఉప్పుమళ్ళు కనపడ్డాయి. అక్కడ మనుషులు ఉన్నారో లేదో ఇంత దూరం నుంచి తెలియదు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని లేచింది. నేను కట్టిన ముడి ఒకటి పట్టి చూసి, ఇది రేపటికి ఊడిపోతుందని విప్పేసి మళ్ళీ కట్టింది. మెట్లు దిగేటప్పుడు నీళ్ళ వరసలో ఏం చెబుతావని నేను అడగలేదు. తానే అంది, ఎవరికీ ఏమీ చెప్పదట, చెల్లెల్ని చెయ్యి పట్టుకుని రేపు ఇక్కడికి లాక్కొస్తుందట.

నూట నలభై ఇళ్ళలో ఒక ఇల్లు. గురువారం బుట్టలో నేను కిందికి, అసిరమ్మ దగ్గరికి వెళుతున్నాను అని చెప్పాను. తానూ వస్తానంది.